చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పూచీ రుణాలు: స్థానిక ఆర్థికాభివృద్ధిలో వాటి పాత్ర

తనఖా పెట్టడానికి ఆస్తి లేని చిన్న వ్యాపారికి బ్యాంకు అప్పు ఇచ్చి, ఆ అప్పు మునిగితే నష్టంలో పెద్ద వాటా తాను భరిస్తానని ప్రభుత్వం బ్యాంకుకు ముందే మాట ఇచ్చే ఏర్పాటును పూచీ రుణం అంటారు. ఇందులో డబ్బు బ్యాంకుది. ఎవరికి ఇవ్వాలో తేల్చేదీ బ్యాంకే. ప్రభుత్వం నెలకొల్పిన ట్రస్టు ఏటా కొంత రుసుం తీసుకుని వెనక నిలబడుతుంది. సబ్సిడీ, వడ్డీ రాయితీ, రుణమాఫీ వంటివి వేరే సంగతులు. వాటిని పూచీతో కలిపి మాట్లాడటం వల్ల మన దగ్గర చాలా గందరగోళం జరిగింది. భారతదేశంలో ఈ పద్ధతి 1960లో మొదలై, ఆగి, 2000లో కొత్త రూపంలో వచ్చింది. ఈ రుణాలు వ్యాపారికి ఎంత మేలు చేశాయి, ఆ వ్యాపారి ఉన్న ఊరికి ఎంత మిగిల్చాయి అన్న రెండు ప్రశ్నలకూ సమాధానాలు ఒకటి కావు. రెండో ప్రశ్న మీద జరిగిన మంచి పరిశోధనల్లో కొన్నింటికి హైదరాబాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పరిణామాలు ఆధారమయ్యాయి.

తనఖా చిక్కు

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పు తయారీ యూనిట్లు వందల్లో ఉన్నాయి. ఉద్దానం తోటల్లో పంట వేసవిలో, సుమారుగా మార్చి నుంచి మే దాకా చేతికొస్తుంది. ఆ నెలల్లో పిక్కలు కొని నిల్వ చేసుకున్న వాళ్లకే ఏడాది పొడవునా పని ఉంటుంది. పిక్కలు ఉడికించాలి, ఆరబెట్టాలి, కొట్టించాలి, పొట్టు తీయించాలి, గ్రేడు చేయించాలి. ఆ పనుల్లో ఎక్కువ భాగం చేసేది ఆడవాళ్లు. అంటే యజమానికి సీజనులో పెట్టుబడి దొరకకపోతే శ్రావణంలోనో కార్తీకంలోనో కూలి పోయేది వాళ్లకే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చినప్పుడు ఈ గొలుసు ఎంత సున్నితమైందో అందరికీ తెలిసింది.

ఇలాంటి యూనిటుకు బ్యాంకు ఎందుకు వెనకాడుతుంది? వ్యాపారి లెక్కలు సగం పుస్తకంలో, సగం జ్ఞాపకంలో ఉంటాయి. షెడ్డు అద్దెది కావచ్చు. ఇల్లు ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలంలో ఉంటే దాన్ని అమ్మడం మీద ఆంక్షలుంటాయి కాబట్టి మేనేజరు తటపటాయిస్తాడు. వ్యాపారం నడిపేది ఆమె అయితే ఆస్తి మాత్రం భర్త పేరునో మామ పేరునో ఉంటుంది. రిస్కుకు తగ్గట్టు బ్యాంకు వడ్డీ పెంచి ఇవ్వవచ్చుగా అని అడగవచ్చు. వడ్డీ పెంచితే జాగ్రత్తపరుడు పక్కకు తప్పుకుంటాడు, తెగించినవాడే వరసలో మిగులుతాడు. అందుకే బ్యాంకు వడ్డీ పెంచదు, అప్పే ఇవ్వదు. జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ అనే అర్థశాస్త్రవేత్తలు 1981లో ఈ వాదనను సిద్ధాంతంగా నిలబెట్టారు. ప్రభుత్వ పూచీని సమర్థించేవారు నేటికీ ఎక్కువగా దానిమీదే ఆధారపడతారు.

బ్యాంకు కాదన్నాక మిగిలేది చీటీ, రోజువారీ ఫైనాన్సు, వడ్డీ వ్యాపారి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కిరాణా కొట్టుకో లేత్ షెడ్డుకో నిలకడగా అంత లాభం తీయడం కష్టం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దందా ఈ అవసరాన్ని ఎంత క్రూరంగా వాడుకోవచ్చో చూపింది. దేశం మొత్తం మీద సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కావలసిన రుణానికీ అందుతున్నదానికీ మధ్య 20 నుంచి 25 లక్షల కోట్ల రూపాయల లోటు ఉందని రిజర్వు బ్యాంకు నియమించిన యు.కె. సిన్హా కమిటీ 2019లో అంచనా వేసింది.

1960 నుంచి 2000 దాకా

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలో చిన్న పరిశ్రమల కోసం సంస్థలు వరసగా పుట్టాయి. 1951 చట్టంతో రాష్ట్ర ఆర్థిక సంస్థలు, 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆర్థిక సంస్థ 1956లో ఏర్పడింది. 1960లో కేంద్రం చిన్న పరిశ్రమల రుణాలకు మొదటి పూచీ పథకం తెచ్చి, నిర్వహణను రిజర్వు బ్యాంకుకు అప్పగించింది. 1971లో భారత రుణ పూచీ సంస్థ ఏర్పడింది. 1978లో అది డిపాజిట్ల బీమా సంస్థతో కలిసిపోయింది. డీఐసీజీసీ అనే పేరు అప్పుడొచ్చిందే.

ఆ కాలంలో పూచీ కంటే ఎక్కువ ప్రభావం చూపింది బ్యాంకుల జాతీయీకరణ. 1969 జులై తర్వాత శాఖలు పల్లెలకు వచ్చాయి. 1977 నుంచి 1990 వరకు ఒక నిబంధన ఉండేది: బ్యాంకు ఉన్న ఊళ్లో కొత్త శాఖ ఒకటి తెరవాలంటే, లేని ఊళ్లలో నాలుగు తెరవాలి. రాబిన్ బర్గెస్, రోహిణీ పాండే ఈ కాలాన్ని పరిశీలించి, ఆ శాఖల విస్తరణ పల్లెల్లో పేదరికాన్ని తగ్గించిందని 2005లో ప్రకటించారు.

మరోపక్క 1980లలో రుణమేళాలు నడిచాయి. వేదికల మీద నాయకులు చెక్కులు పంచారు. ఎవరికి ఏ వ్యాపారం తెలుసో అడిగినవాళ్లు తక్కువ. 1990లో రుణమాఫీ వచ్చింది. తీసుకున్నది తీర్చనక్కర్లేదన్న అభిప్రాయం ఊళ్లలో పాతుకుపోవడానికి ఆ దశాబ్దమే కారణమని నిస్సంకోచంగా చెప్పవచ్చు. పూచీ సొమ్ము కోసం బ్యాంకుల దావాలు పేరుకుపోయాయి, రుసుములు పెరిగాయి, బ్యాంకులు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. సంస్కరణల కాలంలో డీఐసీజీసీ పూచీ పథకాలు క్రమంగా మూతపడ్డాయి.

ఇదే చరిత్రలో రుణంతో సంబంధం లేని తెలుగునాటి ప్రయోగం ఒకటుంది. హార్వర్డు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1960ల మధ్యలో కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వారికి స్వల్పకాలిక శిక్షణ ఇప్పించాడు. యూసుఫ్‌గూడలోని ఆ సంస్థ ఇప్పుడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా నడుస్తోంది. శిక్షణ పొందినవారు, పొందని వారితో పోలిస్తే, తర్వాతి కాలంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. డబ్బు మాత్రమే అడ్డంకి అనుకునేవారు ఈ కాకినాడ ప్రయోగాన్ని తప్పక చదవాలి.

2000 నుంచి వచ్చిన పథకాలు

నేటి వ్యవస్థకు మూలస్తంభం 2000లో కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ కలిసి స్థాపించిన సీజీటీఎంఎస్ఈ అనే పూచీ నిధి ట్రస్టు. దీని మూలనిధిలో కేంద్రానివి నాలుగు వంతులు, సిడ్బీది ఒక వంతు. 2023 బడ్జెట్టులో కేంద్రం దీనికి మరో 9,000 కోట్లు కేటాయించింది. పూచీ పరిధి 2023 ఏప్రిల్‌లో 2 కోట్ల నుంచి 5 కోట్లకు, 2025 ఏప్రిల్‌లో 10 కోట్లకు పెరిగింది. 10 లక్షల లోపు రుణాలకు వార్షిక రుసుం 2023 నుంచి 0.37 శాతం దగ్గర మొదలవుతుంది. చాలా బ్యాంకులు దాన్ని రుణగ్రహీత మీదే వేస్తాయి. ఇంకో సంగతి కూడా దరఖాస్తుదారులకు తెలియాలి: సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల దాకా ఇచ్చే రుణానికి బ్యాంకులు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. అయినా అడిగే శాఖలున్నాయి, ఇచ్చే వ్యాపారులూ ఉన్నారు.

చిన్న వ్యాపారాలకు తనఖా లేకుండా రుణాలిచ్చే ముద్రా యోజన 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి 20 లక్షల దాకా తరుణ్ ప్లస్ ఉంది. వీటికి పూచీ ఇచ్చే నిధిని 2014లో ఏర్పడిన జాతీయ రుణ పూచీ ట్రస్టీ కంపెనీ నడుపుతుంది. పదేళ్లలో 52 కోట్లకు పైగా రుణాలు, సుమారు 32 లక్షల కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. రుణఖాతాల్లో దాదాపు 68 శాతం మహిళలవి. 52 కోట్ల రుణాలంటే 52 కోట్ల మనుషులు కాదు. ఒకరికే పలుమార్లు వచ్చినవి అందులో ఉన్నాయి. దాన్ని కొందరు లోపంగా చూపుతారు. నిజానికి పాతది తీర్చి మళ్లీ అప్పు తీసుకోగలగడం వ్యాపారం నిలిచిందనడానికి ఒక గుర్తు. మొదటి ఏడాది 38 వేల దగ్గర ఉన్న సగటు రుణం 2024–25కి లక్ష దాటింది. కిశోర్ రుణాల వాటా 6 శాతం లోపు నుంచి 45 శాతం దగ్గరికి చేరింది.

2016లో వచ్చిన స్టాండప్ ఇండియా ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యాపారికీ, ఒక మహిళకూ 10 లక్షల నుంచి కోటి దాకా రుణం ఇవ్వాలన్న లక్ష్యంతో మొదలైంది. వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి తీరు సరళమైంది. మొదట 10 వేలు, తీరిస్తే 20 వేలు, అదీ తీరిస్తే 50 వేలు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ. 2025లో మొదటి రెండు మెట్లను 15 వేలకు, 25 వేలకు పెంచి, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. 2025 మధ్య నాటికి సుమారు 68 లక్షల మందికి 96 లక్షల రుణాలు అందాయి. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే మనిషికి బ్యాంకు రికార్డులో తొలిసారి ఒక చరిత్ర ఏర్పడటం చిన్న విషయం కాదు.

కొవిడ్ సమయంలో 2020 మేలో ప్రకటించిన అత్యవసర రుణ పూచీ పథకం మాత్రం వేరే కోవ. పాత ఖాతాదారులకే, బాకీలో 20 శాతం మేర అదనపు రుణం, నూటికి నూరుపాళ్లు ప్రభుత్వ పూచీ. 3 లక్షల కోట్లతో మొదలై పరిమితి 5 లక్షల కోట్లకు పెరిగింది. 2023 మార్చితో ముగిసింది. దీనివల్ల 14.6 లక్షల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల ఖాతాలు మొండి బకాయిలు కాకుండా తప్పించుకున్నాయని స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం లెక్కగట్టింది.

అప్పు మునిగినప్పుడు

వ్యాపారి కట్టలేకపోతే ప్రభుత్వం ఆ అప్పు తీర్చేస్తుందన్న అపోహ బలంగా ఉంది. అలా జరగదు. ఖాతా మొండి బకాయిగా మారాక బ్యాంకు వసూలుకు చర్యలు మొదలుపెట్టి ట్రస్టుకు దావా పంపుతుంది. ట్రస్టు పూచీ మొత్తంలో 75 శాతం మొదట చెల్లించి, మిగిలింది వసూలు ప్రక్రియ ముగిశాక ఇస్తుంది. పూచీ కూడా మొత్తం రుణానికి ఉండదు. రుణ పరిమాణాన్ని, వ్యాపారి వర్గాన్ని బట్టి సాధారణంగా 75 నుంచి 90 శాతం వరకే ఉంటుంది. ఆ తర్వాత కూడా బ్యాంకు వ్యాపారి దగ్గర వసూలు చేస్తూనే ఉంటుంది. వచ్చినదాంట్లో ట్రస్టు వాటా ట్రస్టుకు చేరుతుంది. వ్యాపారి రుణ చరిత్రను చూపే సిబిల్ రికార్డు దెబ్బతింటుంది, మరో బ్యాంకు గడప తొక్కలేడు. పథకం ప్రచారంలో ఈ విషయాన్ని దాచడం పేదవాడికి చేసే అన్యాయం.

బ్యాంకుకు కొంత నష్టం మిగల్చడం ఉద్దేశపూర్వకం. తన డబ్బు కొంతైనా పోతుందంటేనే మేనేజరు షాపుకు వెళ్లి చూస్తాడు. 1998లో జపాన్ నూటికి నూరు పూచీతో పథకం పెట్టి, తర్వాత దాన్ని 30 లక్షల కోట్ల యెన్లకు పెంచినప్పుడు, బ్యాంకులు తమ పాత రిస్కు రుణాలను పూచీ రుణాల కిందికి మార్చుకున్నాయన్న విమర్శ వచ్చింది. అందుకే మన అత్యవసర పథకాన్ని కొవిడ్ వంటి సంక్షోభానికి పరిమితం చేయడం సరైన పని.

ఊరికి ఏమి మిగులుతుంది

ఒక వీధిలో నాలుగు టిఫిన్ సెంటర్లున్నప్పుడు రుణంతో ఐదోది వస్తే, దాని అమ్మకం చాలావరకు మిగతా నాలుగింటి నుంచి వచ్చినదే. మంజూరు లెక్కలో ఒక కొత్త వ్యాపారం కనిపిస్తుంది, ఊరి ఆదాయం మాత్రం పెరగదు. అదే డబ్బు బయటి ఊళ్లకు సరుకు అమ్మే పలాస యూనిటుకో, మంగళగిరి, పోచంపల్లి నేతకో, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డుకో చేరితే బయటి డబ్బు ఊళ్లోకి వస్తుంది. ఆ కూలి డబ్బు టిఫిన్ సెంటర్లోనూ ఖర్చవుతుంది. స్థానికాభివృద్ధి గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా కీలకం.

అమెరికాలో చిన్న వ్యాపార పాలనా సంస్థ 1953 నుంచి పనిచేస్తోంది. బెన్ క్రెయిగ్, విలియం జాక్సన్, జేమ్స్ థామ్సన్ ఆ సంస్థ పూచీ రుణాలను స్థానిక మార్కెట్ల వారీగా పరిశీలించారు. స్థానిక ఉపాధితో వాటికి సానుకూల సంబంధం ఉందనీ, అది ప్రధానంగా తక్కువ ఆదాయం ఉన్న ప్రాంతాల్లోనే స్పష్టంగా కనిపిస్తుందనీ తేల్చారు. ప్రభావం ఉంది, పెద్దది కాదు. డేవిడ్ బ్రౌన్, జాన్ ఎర్ల్ 2017లో లెక్కగట్టినదాని ప్రకారం ప్రతి పది లక్షల డాలర్ల రుణానికి మూడు, మూడున్నర ఉద్యోగాలు పెరిగాయి.

భారతదేశంలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఒక నిబంధన మార్పును ఆసరా చేసుకున్నారు. 1998లో చిన్న పరిశ్రమ నిర్వచనం విస్తరించడంతో కొన్ని మధ్యస్థ సంస్థలకు, బ్యాంకులు తప్పనిసరిగా ఇవ్వాల్సిన ప్రాధాన్యరంగ రుణం అందుబాటులోకి వచ్చింది. 2000లో ఆ విస్తరణను తగ్గించారు. రుణం పెరిగినప్పుడు ఆ సంస్థల అమ్మకాలు, లాభాలు వేగంగా పెరిగాయి. అంటే వాళ్లకు నిజంగానే పెట్టుబడి కొరత ఉండేది.

అదే ఇద్దరు, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్‌లతో కలిసి హైదరాబాదులోని 104 బస్తీల్లో, ప్రభుత్వ పూచీతో సంబంధం లేని సూక్ష్మరుణాలను పరీక్షించారు. సగం బస్తీల్లో ముందుగా రుణాలిచ్చారు, సగంలో ఇవ్వలేదు. అప్పటికే వ్యాపారం ఉన్నవారు పెట్టుబడి పెంచారు. కానీ సగటు కుటుంబం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, మహిళల స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. బాగా నడుస్తున్న వ్యాపారాల లాభమే పెరిగింది. ఏళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు, రుణం రాకముందు నుంచే వ్యాపారంలో ఉన్నవారికి మేలు నిలిచిందని తేలింది. చిన్న రుణం మనిషిని వ్యాపారిగా మార్చడం అరుదు. వ్యాపారం తెలిసిన మనిషిని మాత్రం పైకి తెస్తుంది. పథకాల లక్ష్యాలు నిర్ణయించేవారు గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

రుణం ఊరికి చేసే మేలు అది ఆగిపోయినప్పుడు మరింత బాగా తెలిసింది. 2010 అక్టోబరులో, బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్సు సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రంలో చెల్లింపులు దాదాపు నిలిచిపోయాయి. ఇక్కడ నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ రుణాలు తగ్గించుకున్నాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ ఆ ఇతర రాష్ట్రాల జిల్లాలను పరిశీలించి, రుణం ఎక్కువగా తగ్గిన చోట రోజుకూలి రేట్లు కూడా పడిపోయాయని చూపారు. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడు. బస్తీల అధ్యయనంలో చిన్నగా కనిపించిన ప్రభావం జిల్లా మొత్తం మీద చూస్తే పెద్దది కావచ్చని ఈ పరిశోధన సూచిస్తోంది. ఆర్డినెన్సుకు కారణమైన దుర్మార్గాలు నిజం. దాని దెబ్బ తగిలిన పేదలూ నిజం.

డ్వాక్రా బాట

తెలుగు రాష్ట్రాలకు సొంతంగా ఒక నమూనా ఉంది: డ్వాక్రా పేరుతో పిలిచే మహిళా స్వయం సహాయక సంఘాలు. 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం ఇక్కడ పాతుకున్నంతగా ఎక్కడా పాతుకోలేదు. 2000లో వెలుగు పథకం, తర్వాత ఇందిరా క్రాంతి పథం, 2004లో పావలా వడ్డీ వచ్చాయి. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. మిగతా వడ్డీ ప్రభుత్వానిది. 2011లో సంఘాల రుణాల కోసం స్త్రీనిధి ఏర్పడింది. ఈ సంఘాల్లో తనఖా స్థానంలో పది, పదిహేనుమంది అక్కచెల్లెళ్ల పరస్పర పూచీ ఉంటుంది. ఒకరు కట్టకపోతే సంఘం అడుగుతుంది. 2021లో రిజర్వు బ్యాంకు సంఘాలకు తనఖా లేని రుణపరిమితిని 20 లక్షలకు పెంచింది. జాతీయ స్థాయిలో ఈ రుణాల మొండి బకాయిలు ఇటీవలి సంవత్సరాల్లో 2 శాతం దగ్గరికి తగ్గాయి. చెల్లింపుల్లో ఈ క్రమశిక్షణ చెప్పుకోదగ్గది.

ఈ క్రమశిక్షణను దెబ్బతీసింది కూడా మనమే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 ఎన్నికల ముందు డ్వాక్రా రుణాల మాఫీ మాట వినిపించగానే కట్టే చేతులు ఆగాయి. సకాలంలో కట్టిన సంఘం మోసపోయానని బాధపడేలా చేసిన రాజకీయం సమర్థనీయం కాదు. మరో పరిమితీ ఉంది. సంఘం రుణాన్ని సమానంగా పంచుకోవడం ఆనవాయితీ కావడంతో, పెద్ద పెట్టుబడి కావలసిన ఒక్క సభ్యురాలికి సరిపోయేంత సొమ్ము అందదు. అప్పడాల యంత్రం కొనాలనుకున్న మహిళకూ, పెళ్లి ఖర్చుకు తీసుకున్న మహిళకూ ఒకే మొత్తం దక్కుతుంది. సంఘం నుంచి వ్యక్తిగత ముద్రా రుణానికి మెట్టు కట్టడం ఇంకా అరకొరగానే జరుగుతోంది.

ప్రధాన విమర్శలు

2018లో పార్లమెంటు అంచనాల కమిటీకి రాసిన నోటులో రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురాం రాజన్ ముద్రా రుణాల నాణ్యతను గమనించాలనీ, సీజీటీఎంఎస్ఈ కింద పెరుగుతున్న ప్రభుత్వ బాధ్యతను అత్యవసరంగా పరిశీలించాలనీ హెచ్చరించారు. పూచీ బడ్జెట్టులో ఖర్చుగా కనిపించదు. దావాలు వచ్చిన రోజున కనిపిస్తుంది. కాబట్టి ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. రెండో విమర్శ లక్ష్యాల గురించి. శాఖలకు సంఖ్య నిర్ణయించి మార్చి నెలాఖరులోగా పూర్తిచేయమంటే, పాత ఖాతాదారునికే పేరు మార్చి రుణం రాయడం సులభం.

మూడోది అందరూ చెప్పేదే అయినా తక్కువ పట్టించుకునేది: బిల్లుల బకాయి. పెద్ద కంపెనీకి, ప్రభుత్వ శాఖకు సరుకిచ్చిన చిన్న యూనిటుకు 45 రోజుల్లో డబ్బు రావాలని 2006 చట్టం చెబుతోంది. రాకపోతే యజమాని ఆ లోటును పూచీ రుణంతో పూడ్చుకుంటాడు. అప్పుడు ప్రజల పూచీ చిన్న వ్యాపారిని ఆదుకోవడం మాని, బిల్లు ఎగ్గొట్టేవారికి వడ్డీలేని అప్పుగా మారుతుంది. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో చిన్న యూనిట్లు ఖాయిలా పడటానికి కారణాల్లో ఇదొకటి. అలాంటి యూనిట్లను ఆదుకునేందుకు తెలంగాణ ప్రభుత్వం ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ పేరుతో ప్రత్యేక ఆర్థిక సంస్థను నెలకొల్పడం మంచి ఆలోచన. దేశంలో మిగతా రాష్ట్రాలూ చూడదగ్గది.

మంజూరైన రుణాల సంఖ్య, మొత్తం సొమ్ము ఏటా ప్రకటిస్తున్నారు. మొదటి రుణం తీర్చి రెండోది తీసుకున్నవారు ఎందరు, మూడేళ్లకు నడుస్తున్న వ్యాపారాలు ఎన్ని, ఎందరికి పని దొరికింది అన్న లెక్కలు జిల్లాలవారీగా, మండలాలవారీగా ప్రజల ముందుకు రావాలి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీలు మూడు నెలలకోసారి సమావేశమవుతూనే ఉన్నాయి. ఆ లెక్కలు అక్కడ పెట్టమని రెండు తెలుగు ప్రభుత్వాలూ అడగాలి, పత్రికలూ అడగాలి.